కుట్లు ఆరేదాకా పత్యం

బెంగళూరు ఆసుపత్రిలో గుండెకు బైపాస్ చేసిన తొమ్మిదో రోజున నా భార్యను ఇంటికి పంపించారు. పంపేటప్పుడు రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి చిన్న గట్టి దిండు. దగ్గు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో రొమ్ముకు అదుముకోవాలి. లేకపోతే కోసి తీగతో కట్టిన ఎముక కదులుతుంది. రెండోది, ఆమె ఏమేం తినాలో రాసిన కాగితం. దిండు ఆమె ఒళ్లో ఉంది. కాగితం నా జేబులో ఉంది.

మేము గోరంట్లలో ఇంటికి చేరేసరికి వదిన, అంటే నా భార్యకు సొంత అక్క, చిలమత్తూరు నుంచి వచ్చి కూర్చుని ఉంది. మాకు పిల్లలు లేరు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పిన నాకు అన్నం వార్చడం కూడా సరిగా రాదు. వదిన రెండు చీరలు, ఒక రాగిపిండి మూట తెచ్చుకుని, కుట్లు ఆరేదాకా ఇక్కడినుంచి కదలనని చెప్పింది. ఆమె రాకపోయి ఉంటే ఇల్లు నడిచేది కాదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

మా వైపు ఒంటి మీద కోత పడినవాళ్లకు పత్యం పెడతారు. పప్పు తింటే చీము పడుతుందంటారు. గుడ్డు, వంకాయ, మేము చెనక్కాయలనే వేరుశనగలు కూడా అంతే. మాంసం మాట ఎత్తనే కూడదు. రాగి సంకటి, మెత్తటి అన్నం, మిరియాల చారు, కాసిని పాలు, పెరుగు మాత్రమే పెడతారు. వదిన తన ఇద్దరు కోడళ్ల కాన్పులకూ, భర్తకు కడుపులో ఆపరేషన్ అయినప్పుడూ ఇలాగే చేసింది. అందరూ బాగుపడ్డారు. ఆసుపత్రి కాగితంలో దీనికి వ్యతిరేకంగా రాసి ఉంది. రెండు పూటలా పప్పు, రోజూ గుడ్ల తెల్లసొన, పాలు, పెరుగు. షుగరు ఉన్న మనిషి కాబట్టి ఇవి మరీ ముఖ్యమని కింద గీత గీసి ఉంది. మొదటి రోజే దాన్ని వదినకు చదివి వినిపించాను.

"వాళ్లు కోసి పంపినారు. చీము పడితే తుడిచేది వాళ్లా, నేనా?" అంది.

నేను కాగితం మడిచి, అప్పుడు చదువుతున్న పుస్తకంలో పెట్టాను. చెప్పవలసింది చెప్పాను కదా అనుకున్నాను.

గుండెకు వేయడానికి నరం తీసిన కాలి కోత మూడు వారాల్లో ఆరింది. వదిన దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించింది. రొమ్ము మీది కోత మాత్రం కింది చివర ఎర్రగానే ఉండేది. ఎండలు ముదిరాయి. చెమటకు పట్టీ అంచులు ఊడేవి. వెల్లకిలా పడుకుంటే నొప్పి కాబట్టి, ఆమె రాత్రీ పగలూ కుర్చీలోనే దిండు పట్టుకుని కూర్చునేది. చేయి ఎత్తితే గాజులు మోచేతిదాకా జారేవి.

ఒక మధ్యాహ్నం వీధిలోకి నీళ్ల ట్యాంకరు వస్తే, వదిన బిందెలు తీసుకుని పోయింది. అప్పుడు నా భార్య నన్ను పిలిచింది. నన్ను ఎత్తిపొడవాలనుకున్నప్పుడు సారూ అనేది.

"రోంత ఊరిబిండి నూరియ్యి సారూ. సంకటి గొంతు దిగడం ల్యా."

ఊరిబిండి అంటే వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు కలిపి రోట్లో నూరే పచ్చడి. మా ఇంట్లో అది లేని రోజు ఉండేది కాదు. అక్కకు తెలిస్తే గొడవవుతుందని, ఈ ఒక్క నెల ఓర్చుకోమని చెప్పాను.

"పిల్లోళ్ల ముందర పులి మాదిరి ఉంటివి. మా యక్క ముందర నోరు లేయదా నీకి?"

నవ్వబోతే దగ్గు వచ్చింది. దిండు అదుముకుంది. నేను వీపు పట్టుకున్నాను. చెనక్కాయల డబ్బా గూట్లో, చేయి చాచితే అందేంత దూరంలో ఉంది. తీయలేదు.

నాలుగు రోజుల తర్వాత పట్టీ మీద పసుపు మరక కనిపించింది. వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, చాటుగా ఏమైనా తినిపించావా అని అడిగింది. లేదన్నాను. నిజమే చెప్పగలుగుతున్నందుకు అప్పుడు నాకు తేలిగ్గా అనిపించింది. ఆ రోజు నుంచి ఆమె పాలూ పెరుగూ కూడా మానిపించింది. దానికీ నేను అడ్డు చెప్పలేదు.

హిందూపురంలో వారం రోజులు కట్లు కట్టించాం. జ్వరం తగ్గలేదు. బెంగళూరు తీసుకుపోతే గాయం మళ్లీ తెరిచారు. చీము ఎముకదాకా పోయిందని, తీగ వదులైందని చెప్పారు. ఒక యువ డాక్టరు రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని బయటికి వచ్చి, ఇంట్లో ఆమె ఏం తింటోందని అడిగింది. చెప్పాను. తినవలసినవి రాసి ఇవ్వలేదా అని అడిగింది. ఇచ్చారన్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. షుగరు ఒక కారణం, వయసు ఒక కారణం, మంచి తిండి తిన్నా కొందరికి ఇలా జరుగుతుంది అంది. కానీ ఒంట్లో మాంసకృత్తులు ఇంతగా తగ్గిపోతే గాయం పూడటానికి సరుకు ఉండదని చెప్పి లోపలికి వెళ్లింది. గొట్టంతో ఆహారం పంపారు. ఇంకో ఆపరేషన్ చేశారు. అక్కడ చేర్చిన పదిహేడో రోజు పొద్దున నా భార్య పోయింది. చీరతో పాటు దిండు కూడా సంచిలో పెట్టి నా చేతికిచ్చారు.

దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతాం. వదిన ఇంకెవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పప్పు, గుడ్ల కూర, వంకాయ, గడ్డపెరుగు వరుసగా వడ్డించింది. చివరికి ఊరిబిండి తెచ్చింది. ఆకు ముందు కూర్చుని, నా వైపు తిరగకుండానే అడిగింది.

"పత్యంలో నేను యాడన్నా తప్పినానా అప్పా?"

ఆమెకు అరవై దాటాయి. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ చెల్లెలి కుర్చీ పక్కన కటిక నేల మీద పడుకుంది. ఆమెకు అక్షరాలు రావు. కాగితం చదవడం వచ్చినవాణ్ని ఆ ఇంట్లో నేనొక్కణ్నే.

"లేదు వదినా. నువ్వేమీ తప్పలేదు" అన్నాను.

"ఇదంటే పానం దానికి" అని, వదిన ఇంకొంచెం ఊరిబిండి ఆకులో వేసింది. నా భార్య దాన్ని ఒకసారి అడిగిందని నేను చెప్పలేదు.