పెద్దోళ్ల జలుబు

పొద్దున్నుంచి పాపకు ముక్కు దిబ్బడ. కరెంటు మిషన్‌తో ఆవిరి పట్టిస్తున్నాను. అందులో వేసిన నీలగిరి తైలం వాసన తగిలినప్పటి నుంచి నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

మా గోదావరిఖని క్వార్టర్లలో పెరిగినవాళ్లూ, మీకు గుర్తుందా? ఇంటి ముందు బొగ్గు పొయ్యి, దానిమీద మసిపట్టిన సత్తు గిన్నె, మరిగే నీళ్లలో పసుపు, ఇదే నీలగిరి వాసనొచ్చే జామాయిల్ ఆకులు. ఒకే చద్దరు కింద నేనూ, బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చిన మా బాపూ. ఆవిరి పట్టి చీదితే నా రుమాలు తెల్లగా, ఆయనది నల్లగా ఉండేది.

"నీదెందుకు నల్లగుంది బాపూ?"

"పెద్దోళ్ల జలుబు గిట్లనే ఉంటది బిడ్డా" అని నవ్వేవాడు.

నమ్మేశాను. మళ్లీ జలుబు చేసినప్పుడు, నేనూ పెద్దదాన్నైపోవాలని బొగ్గుపొడి వేలికద్ది ముక్కులో రాసుకున్నాను. చీదిన రుమాలు గొప్పగా అమ్మకు చూపించాను.

అమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కొంగు తడిపి నా ముక్కు మండేదాకా తుడిచింది.

"ఇంట్ల ఒక్కలకు చాలదా బిడ్డా?" అంది.

మేమింకా ఈ బొగ్గు ఊళ్లోనే ఉన్నాం. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడుతుంది. ఇందాక పాప చీదగానే రుమాలు లాక్కుని వెలుతురులో విప్పి చూశాను. తెల్లగానే ఉంది.

"ఏం చూస్తున్నవ్ అమ్మా?"

"ఏం లేదు."

మడిచి ఇచ్చేశాను. వంటింటిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ విప్పి చూశాను.