వణికే చేతికి తుపాకీ

నా చిన్నప్పుడు మేం సౌదీలో అల్ ఖర్జ్ ఊరి చివర ఉండేవాళ్లం. నాన్న ఆవుల ఫారంలో లెక్కలు చూసేవాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా భవనంలో పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో క్రికెట్‌లో బౌలింగూ బ్యాటింగూ నావే. ఓటమి కూడా నాదే.

శుక్రవారాలు అమ్మ ఒక ముసలావిడ కాలిపుండుకి కట్టు కట్టడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లేది. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ కనుక అక్కడివాళ్లలాగే మేమూ ఆవిణ్ణి హజ్జా అని పిలిచేవాళ్లం. భర్త పోయాక ఊరికి దూరంగా, మేకలే తోడుగా ఉండేది. నా అరబ్బీ అంతంతమాత్రం, ఆవిడకి తెలుగు అసలే రాదు. అయినా ఖర్జూరాలు తింటూ గంటలు గడిపేవాళ్లం. ఇద్దరికీ మాట్లాడేవాళ్లు లేరు కనుక భాష లేకపోవడం పెద్ద లోటనిపించలేదు.

ఆ చలికాలం తోడేలు వచ్చి మేకల్ని ఎత్తుకుపోసాగింది. రియాద్‌లో ఉండే ఆవిడ కొడుక్కి ఇది బాగా కలిసొచ్చింది. ఒక శుక్రవారం మేమక్కడ ఉండగానే వచ్చాడు.

“మాతో వచ్చెయ్యమ్మా. మా ఇంటికి లిఫ్టు కూడా ఉంది.”

“లిఫ్టెక్కి నేనెక్కడికి పోవాలిరా?”

కట్టు కడుతూనే అమ్మ ఈ సంభాషణంతా నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మేనమామ దగ్గరున్న తుపాకులు కొడుకు తెస్తాడు. వాటిలో తాను వాడగలిగింది ఒకటి దొరికితే హజ్జా అక్కడే ఉంటుంది, లేకపోతే మేకల్ని అమ్మేసి రియాద్ వెళ్తుంది. నాకు అన్నం సయించలేదు. ఆవిడ వెళ్లిపోతే నాకు మిగిలేది గోడా, బంతీ.

మరుసటి శుక్రవారం తివాచీ మీద మూడు తుపాకులున్నాయి. మూడింటికీ కింద లీవరు ఉంది. దాన్ని ముందుకి తోసి వెనక్కి లాగితే పాత తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది. వెండి నగిషీలున్నదాన్ని కొడుకు టకటకా ఆడించి చూపించాడు.

“చూశావా, ఎంత సాఫీగా నడుస్తోందో!”

“నీ చేతిలో నడుస్తుంది. తోడేలొచ్చినప్పుడు నువ్వుంటావా?” అని హజ్జా నన్ను పిలిచింది.

అమ్మ అడ్డొచ్చింది. “ఒరే, ముట్టుకోకు. మనమొచ్చింది కట్టు కట్టడానికి, కాల్చడానికి కాదు.” హజ్జా మూడింటినీ తెరిచి ఖాళీవని చూపించి, మందులేని ఉత్తుత్తి తూటాలు నింపింది. అమ్మ ఒకసారి ప్రభువుని తలుచుకుని వదిలేసింది. అప్పటికి నాకు అనుభవమున్న ఆయుధం నీళ్ల తుపాకీ. అదీ కారేది.

నగిషీలదాని లీవరు భయంభయంగా సగం దాకా తోశాను. తూటా అడ్డంగా ఇరుక్కుంది. రెండోది బారు తూటాల తుపాకీ. దాని లీవరు చివరిదాకా నెట్టడానికి నా చెయ్యి చాలలేదు. అదీ ఇరుక్కుంది.

“పిల్లాడికి చేతకాకపోతే తుపాకీది తప్పా?” అని కొడుకు నవ్వాడు.

మూడోది రంగు వెలిసిన పొట్టి తుపాకీ. పిస్తోలు తూటాలే దీనికీ సరిపోతాయి. తూటా చిన్నది కనుక లీవరు తిరగాల్సిన దూరమూ తక్కువే. కళ్లు మూసుకుని, అదే పిరికితనంతో ఆడించాను. తూటాలు ఒకదాని తర్వాత ఒకటి తివాచీ మీద రాలాయి.

“ఇది నాది,” అంది హజ్జా. “ధైర్యంగా ఉన్నప్పుడు ఏ తుపాకీ అయినా మంచిదే. తోడేలొస్తే నా చేతులూ వీడి చేతుల్లాగే ఉంటాయి.”

అమ్మ ఈ మాట నాకు తెలుగులో చెప్పింది. పెద్దవాళ్లు భయపడతారని, పైగా దానికి ముందే ఏర్పాట్లు చేసుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. కొడుకు మిగిలిన రెండూ సర్దుకుని ఒక్కడే రియాద్ వెళ్లాడు. నాకు తెలిసి ఆ తుపాకీ ఒక్కసారీ పేలలేదు. తోడేలుకి కబురందిందేమో. మేం ఆ ఊరు విడిచేదాకా నా శుక్రవారాలు నాకు దక్కాయి.

ఇప్పుడు సౌదీలోనే, ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో, రిటైర్మెంటుకి దగ్గర్లో, ఒక గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం గుండెల్లో నొప్పి వచ్చింది. ఫోన్‌లో చాలా గొప్ప పేర్లున్నాయి. వాళ్లందర్నీ దాటేసి, మెయింటెనెన్సులో పనిచేసే జగిత్యాల మిత్రుడికి చేశాను. ఆయన మామూలుగా టైర్ల ధరలు తప్ప మరో విషయం మాట్లాడడు.

“ఏమైందే అన్నా? తలుపు తీసి పెట్టు, వస్తున్న,” అన్నాడు. నేనింకా ఏమీ చెప్పనేలేదు.

అది గ్యాసేనని తేలింది. అయినా మనుషుల్ని ఎంచుకునేటప్పుడు నేనిప్పటికీ చూసేది అదే, నా చెయ్యి వణికినప్పుడు పనికొస్తారా అని. అలా వడపోస్తే ఫోన్‌లో మిగిలింది ఒక్క పేరు. ఒక్కడే అయినా, ఎత్తుతాడు.