గుమ్మడితీగకు కాసిన పుచ్చకాయలు

నా చిన్నప్పుడు అంటే మరీ వెనకటి కాలమేమీ కాదు. శంషాబాదులో విమానాలు దిగడం మొదలై రెండు మూడేళ్ళయిన రోజులు. నాకు పదేళ్ళుంటాయి. మాది ఆ పక్కనే ఉన్న సాతంరాయి. పొలాలు అప్పటికే ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. మాకంటూ మిగిలిన నేల ఇంటి వెనక పెరడు మాత్రమే. ఆ కాస్త చోటులోనే మా నాయనమ్మ ఏటా పుచ్చ, ఖర్బూజ పాదులు పెట్టేది.

చలి తగ్గగానే గుంతలు తీసి, పాత పెంట ఎరువు నింపి, తడిగుడ్డలో మొలకెత్తించిన గింజలు నాటేది. తేనెటీగలు సరిగ్గా రావడం లేదని పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తానే అద్దేది. పిందె పడ్డాక దాని కింద వరిగడ్డి పరిచేది. ఖర్బూజ పండితే దానంతట అదే తొడిమ వదులుతుంది. పుచ్చకాయ అలా కాదు. కాయ దగ్గరి నులితీగ ఎండాలి, నేలకు ఆనిన వైపు పసుపెక్కాలి, అప్పుడు కత్తి పెట్టి కోయాలి. ఇవన్నీ మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలిసిన సంగతులే.

ఒక్క మా చిన్నాన్న మరిచిపోయాడు. ఆయన ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. బూట్లకు దుమ్ము అంటుతుందని సొంత ఇంటి పెరట్లోకి కూడా వచ్చేవాడు కాదు. వాకిట్లో కారులోనే కూర్చొని హారన్ కొట్టి, కన్నతల్లిని బయటికి పిలిపించుకునేవాడు. కొడుకు కదా అని ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్ళేది. ఆయన అద్దం సగమే దించేవాడు, లోపలి చల్లదనం పోతుందని.

మామిడిపల్లి వైపు ఆయనకొక వెంచర్ ఉండేది. అంతా బండ. దాని మీద మట్టి వేలెడు మందం కూడా లేదు. ఆ నేలకు ఆయన 'పండ్లతోటల ప్లాట్లు' అని పేరు పెట్టాడు. ఇల్లు కట్టుకోవచ్చట, చుట్టూ తోట పెంచుకోవచ్చట, బోరు వేస్తే గంగే పైకి వస్తుందట. ప్రతి ఆదివారం అక్కడ షామియానా వేసి, బిర్యానీ పెట్టి, కొనేవాళ్ళను పోగుచేసేవాడు. జనం నిండుగా కనబడాలని మా ఇంటిల్లిపాదినీ రమ్మనేవాడు. మావాళ్ళు కడుపునిండా తిని, ఇంటికొచ్చాక ఆయన మాటతీరును అనుకరిస్తూ పగలబడి నవ్వేవాళ్ళు. అక్కడ మాత్రం నోరు విప్పేవాళ్ళు కాదు.

ఒకసారి ఆయన వచ్చి, ఆదివారానికి నీ పుచ్చకాయలన్నీ కోసి పంపమని నాయనమ్మను అడిగాడు. ఇంకా పండలేదు, పచ్చికాయ మీద కత్తి పెట్టనని ఆమె అంది. అయితే నువ్వన్నా వచ్చి కూర్చో, రైతు తల్లి అని నలుగురికీ చూపిస్తానన్నాడు. కొత్త చీర కూడా తెచ్చాడు. ఆమె చీర పక్కన పెట్టి, రోజూ కట్టుకునే చీరలోనే వచ్చింది. నేను ఆమె వెంటే ఉన్నాను.

షామియానా పక్కన తాడు కట్టి, లోపల పచ్చగా ఏదో పరిచి ఉంది. మధ్య మధ్యలో నున్నటి పుచ్చకాయలు. దగ్గరికెళ్ళి చూస్తే నాకే నవ్వొచ్చింది. పుచ్చాకు చీలికలు చీలికలుగా ఉంటుంది. అక్కడున్నవి పళ్ళెమంత గుండ్రటి గుమ్మడాకులు. ఎవరి దొడ్లోదో గుమ్మడిపాదు పీకించి, మొదలు మట్టిలో దాచి, బెంగళూరు రోడ్డు పక్క కుప్పలో కొన్న కాయలను ఆ తీగల మధ్య పెట్టించాడు. రైతు కడుపున పుట్టిన మనిషి. కనీసం ఏ తీగకు ఏ కాయ కాస్తుందో చూసుకొని మోసం చేయాలన్న శ్రద్ధ కూడా లేదు. ఎండకు ఆకులు అప్పటికే వడలిపోతున్నాయి. మా బాపు, ఆయన సొంత అన్న, చూశాడు, మా మేనత్తలు చూశారు. తువ్వాళ్ళు, కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వుకున్నారు. తర్వాత పోయి బిర్యానీ వరుసలో నిలబడ్డారు.

కొనడానికి వచ్చినవాళ్ళలో పాతబస్తీ నుంచి ఒక ముసలి ముస్లిం జంట ఉంది. ఆయన లారీ నడిపి మానేసినవాడు, ఆమె ఇంట్లో బట్టలు కుట్టేది. చివరి రోజుల్లో ఇంత నేల, నాలుగు పాదులు కావాలని ఆమె ఆశ. బయానా డబ్బులు ఇవ్వడానికి చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని కూడా, ఎందుకో ఆగి మా నాయనమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, మీరు పెద్దోళ్ళు. జర నిజం చెప్పుండ్రి, గీ నేల మంచిదేనా?"

మా చిన్నాన్న నాయనమ్మను నోరెత్తనివ్వలేదు. ఆ పాదులన్నీ మా అమ్మ తన చేతులతో పెట్టినవేనని అందరికీ వినబడేలా చెప్పాడు. మా నాయనమ్మ ఆయన ముఖం చూడలేదు. ఆ ముసలి ఖాలా చెయ్యి పట్టుకొని తాడు దాటించి, అన్నిటికంటే పెద్ద కాయ దగ్గరికి తీసుకెళ్ళింది.

"తెంపు చెల్లె," అంది.

ఖాలా వంగి, తీగ తెగకూడదని రెండు చేతులా జాగ్రత్తగా లాగింది. కాయ ఉత్తచెంబు లేచినట్టు లేచి వచ్చింది. ఆమె వెనక్కి పడబోయి నిలదొక్కుకుంది. తొడిమ ఎప్పుడో ఎండి నల్లబడి ఉంది. నాయనమ్మ వంగి తీగను కూడా ఎత్తింది. వేరన్నదే లేదు, మొదలంతా చేతికొచ్చింది.

"ఇది గుమ్మడితీగ. ఆ కాయేమో తర్బూజ. నేనైతే పెట్టలే చెల్లె. గీ బండ మీద ఏది నాటినా బతకది."

ఆ మాట చెప్పి వచ్చి కుర్చీలో కూర్చుంది. మా చిన్నాన్న నవ్వి, అమ్మకు చూపు మందగించిందన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అసహ్యం. ఖాలా సంచి మూసి, భర్తను లేపి, తీసుకెళ్ళిపోయింది. ఇంకొందరు కూడా లేచారు. మిగతావాళ్ళు బిర్యానీ తిని, అంతా కళ్ళారా చూసి కూడా, ఎయిర్‌పోర్టు పక్కన కదా అని ప్లాట్లు రాయించుకున్నారు. అటువంటి వాళ్ళకు అటువంటి చిన్నాన్నలే దొరుకుతారు.

ఆ సాయంత్రం ఆయన హారన్ కొట్టలేదు. నేరుగా పెరట్లోకి దూసుకొచ్చాడు. బూటు కింద ఒక పిందె చితికింది. చూసుకోలేదు.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ గదమ్మా," అన్నాడు.

"నీ ఇజ్జత్ నేను తియ్యలే కొడుకా. నువ్వే తీస్కపోయి గుమ్మడితీగ మీద పెట్టినవ్. ఆకలైతే లోపలికి రా, అన్నముంది."

ఆయన తినకుండా వెళ్ళిపోయాడు. కారు కదలగానే మా ఇంట్లో నవ్వులు మొదలయ్యాయి. బాపు పొట్ట పట్టుకొని నవ్వాడు. మేనత్త చిన్నాన్న ముఖం ఎలా మాడిపోయిందో చేసి చూపించింది. నాయనమ్మ చితికిన పిందెను తీసి గట్టు మీద పడేసి, వాళ్ళ వైపు తిరిగింది. కొడుకు మీద కూడా పెట్టని చూపు అది.

"మీరేంది నవ్వేది? ఆకు చూసినప్పుడే మీ అందరికీ ఎరుకైంది. ఆ ముసలమ్మ సంచిల చెయ్యి పెడుతుంటే ఒక్కరన్నా అన్నరా? వాడు దొంగ అని ఇంట్ల గూసుని నవ్వుతున్నరు. వాని కూడు తిన్నంతసేపు గీ నవ్వు యాడ వోయింది?"

బాపు తల వంచుకొని బయటికి నడిచాడు. అంతవరకు నాకు నీచంగా కనబడింది చిన్నాన్న ఒక్కడే. ఆ మాటతో ఇంట్లోని పెద్దలందరూ నా కళ్ళముందు చిన్నవాళ్ళయ్యారు. వాళ్ళ నవ్వులో ధైర్యం లేదని, తిన్న తిండి అరగడానికి నవ్వుతున్నారని అర్థమైంది.

నాయనమ్మ పోయి చాలాకాలమైంది. చిన్నాన్నకు ఇప్పుడు జుట్టు నెరిసింది, బుద్ధి మారలేదు. ప్లాట్లు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. మొన్న మా ఇంటికి వచ్చి, నేను పనిచేసే చోట నలుగురికీ చెప్పి కొనిపించమని అడిగాడు. బంధువులు ఇద్దరు ముగ్గురు పక్కనే ఉన్నారు. చూద్దాంలే అని సాగనంపడం చాలా తేలిక.

"చిన్నాయనా, నీ మాట నేను నమ్మను. ఇంకొకరిని నమ్మమని చెప్పను," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. బంధువులు కిటికీ వైపు చూశారు. నేను టీ పెట్టి తెచ్చాను. తాగి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే వాళ్ళు నా వెంట వంటింట్లోకి వచ్చి, భలే అన్నావంటూ నవ్వడం మొదలుపెట్టారు. నేను నవ్వలేదు. నేను అనవలసింది ఆయన ఉన్నప్పుడే అనేశాను.