కావి పూసిన మామిడి పెట్టె

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్ళకు వెదురు దబ్బలు కావాలి. చేతికి ఒక కొలత, కాలికి ఒక కొలత. గ్రేసీ తొమ్మిదో ఏట మొదటిసారి కత్తి పట్టింది ఆ దబ్బలు చెక్కడానికే. అంచు పదునుగా ఉంటే చర్మం కోసుకుంటుంది. అందుకని గాజుపెంకుతో గీకి, తన చెంపకు ఆనించి చూసుకునేది. చెంప ఒప్పుకుంటేనే కట్టలో పెట్టేది.

ఆమె నాయన ఎల్లప్ప వడ్రంగి. చర్చి వీధిలో రేకుల షెడ్డు వేసుకుని తలుపులు, పీటలు, శవపేటికలు చేస్తాడు. శవపేటికకు మామిడి పలక వాడతాడు. దానికి రంగు వేయడు, నూనె పెట్టడు. మిగతా ఏ వస్తువైనా సరే, ఎర్రటి కావిమన్ను, ఆముదం కలిపి గుడ్డతో రుద్దితేగాని షెడ్డు దాటనివ్వడు. తెల్లగా బయటికి పోయేది చచ్చినవాళ్ళ సామాను ఒక్కటే అంటాడు.

గ్రేసీ చిత్తూరులో వడ్రంగం నేర్పే శిక్షణ కేంద్రంలో చేరింది. ఇరవై రెండు మందిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. రెండో ఏడు ఆ కేంద్రానికి, ఫిన్లాండ్‌లో బీరువాలు, బల్లలు చేయడం నేర్పే ఒక బడికి ఒప్పందం కుదిరింది. ఇక్కడినుంచి ఒకరు అక్కడికి, అక్కడినుంచి ఒకరు ఇక్కడికి. ఆరు నెలలు. ఇరవై అయిదేళ్ళు నిండినవాళ్ళు పనికిరారు. గ్రేసీకి ఆగస్టులో నిండుతాయి.

అక్కడివాళ్ళు ఒక చిన్న పెట్టె చేసి పంపమన్నారు. మేకు ఉండకూడదు, జిగురు ఉండకూడదు. మూలల్లో పలకల పళ్ళు ఒకదాన్నొకటి కరిచి నిలబడాలి. చెక్క మీ ఊరిదై ఉండాలి. పైన ఏమీ పూయకూడదు. మార్చి ఇరవైకి చేరాలి.

ఆమె దామలచెరువు తోటలో కొట్టేసిన ముసలి మామిడి పలక తెచ్చుకుంది. పెట్టె చేయడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. మూత వదిలితే దబ్బున పడదు. లోపలి గాలి మెల్లగా బయటికి పోతూ దానంతట అది దిగుతుంది.

ఆదివారం పెట్టెను పాత చీరముక్కలో చుట్టి, షెడ్డులో పెట్టి చర్చికి పోయింది. ఆరోజు ఎల్లప్ప చర్చికి రాలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి అట్టపెట్టెకు టేపు అంటించి, తాడు కట్టి ఉంది.

"కష్టపడినావు కదా పాపా. నేనే కట్టేసినా," అన్నాడు.

ఆయన కట్టిన ముడి విప్పడానికి ఆమెకు మనసు రాలేదు.

సోమవారం బస్సెక్కి తిరుపతి పోయింది. కొరియర్ ఆఫీసులో కోమలి అనే ఆమె పొట్లం తీసుకుంది.

"ఏముండాది లోపల?"

"చెక్కపెట్టె."

"ఏం చెక్క?"

"మామిడి."

కోమలి టేపు కోసి, చీరముక్క తీసి, గ్రేసీ ముఖంలోకి చూసింది.

"ఏమ్మా, మామిడి అంటివి. నా ఉద్యోగం ఉండనీవా?"

పెట్టె నిండా ఎరుపు. మూలల్లో పళ్ళ గీతలు ఎక్కడున్నాయో కనబడడం లేదు. గ్రేసీ వేలు పెట్టి రుద్దింది. వేలు ఎర్రబడింది.

బయటికి వచ్చి ఫోన్ చేసింది.

"నాయనా, పెట్టెకు ఏం చేసినావు?"

"మూడు తడవలు పూసినా. బాగా ఎక్కిందా?"

"ఏమీ పూయొద్దన్నారని చెప్పినా కదా!"

"వాళ్ళకేం తెలుసు పాపా. శవపెట్టె మాదిరి తెల్లగా పంపిస్తే మనల్ని ఏమనుకుంటారు?"

తిరుపతిలో ఎర్రగా ఉన్న చెక్క ఏదైనా ఎర్రచందనమే, కాదని కాగితం చూపించేదాకా. ఆ కాగితం అడవి ఆఫీసు ఇవ్వాలి. గీకి తెల్లగా చేసి తెచ్చినా, ఒకసారి ఎర్రగా చూసిన పెట్టెను కాగితం లేనిదే తీసుకోనంది కోమలి. పది రోజులు మిగిలాయి. పెట్టె అక్కడికి చేరడానికే అయిదు రోజులు. కొత్తది చేసే వ్యవధి లేదు.

మరుసటి రోజు పెట్టెతో పాటు చిన్న చిత్రిక చేతిసంచిలో వేసుకుని అడవి ఆఫీసుకు పోయింది. గిరిప్రసాద్ అనే అధికారి కూర్చోమన్నాడు, టీ కూడా ఇప్పించాడు.

"సార్, ఒక బకెట్ నీళ్ళు తెప్పించండి. ఎర్రచందనమైతే మునుగుతాది. ఇది తేలుతాది."

"తేలుతాది లేమ్మా, నాకు తెలుసు. తేలిందని రాసేదానికి ఫారంలో గడి లేదు."

ఆమె వరండాలో పెట్టెను మోకాళ్ళ మధ్య బిగించి ఒక పక్క చిత్రిక పట్టింది. మొదటి పొట్టు ఎర్రగా, రెండోది గోధుమరంగుగా, మూడోది తెల్లగా వచ్చింది. ఆ పక్క మూలల్లో పళ్ళు బయటపడ్డాయి.

"సూడండి సార్."

"బాగుండాది. కానీ ఎర్రచందనంలో కూడా బెరడు పక్క తెల్లగానే ఉంటాది."

"మీకు నిజంగా అనుమానమా సార్?"

"నాకు లేదు. నాకు లేదని నేను రాసిస్తే, రేపు నన్ను అనుమానిస్తారు. పరీక్షకు పంపుదాం."

పరీక్షకు వేలెడు ముక్క కావాలి. ఒక నౌకరు రంపంతో పెట్టె మూల కోశాడు. పళ్ళు కరుచుకున్న చోటే కోశాడు. అక్కడ కోస్తే సులువుగా వస్తుందనుకున్నాడు. రాలేదు. చాలాసేపు కోశాడు.

గ్రేసీ చూస్తూ నిలబడింది.

సాయంత్రం షెడ్డుకు వచ్చి, చిత్రికలో ఇరుక్కున్న ఎర్ర పొట్టు పుల్లతో తీసింది. ఎల్లప్ప పక్కన కూర్చున్నాడు.

"నాదే తప్పంటావా?"

"నేనూ విప్పి చూసుకోలేదు."

"వచ్చే ఏడు పోవచ్చులే పాపా."

"వచ్చే ఏడు లేదు నాయనా. ఆగస్టుకు ఇరవై అయిదు."

ఆయన ఆమె చేతిలోని పుల్ల తీసుకుని, చిత్రికలో మిగిలిన పొట్టు తానే తీశాడు.

శిక్షణ కేంద్రం వాళ్ళు ఫోటోలు పంపారు. ఫోటోలో మూల పట్టు తెలియదని అక్కడినుంచి మర్యాదగా జవాబు వచ్చింది. ఆ చోటు వేరే దేశం విద్యార్థికి ఇచ్చారు. మార్చి ఇరవై రెండున పరీక్ష కాగితం వచ్చింది. పెట్టె కూడా వెనక్కి వచ్చింది, మూడు మూలలతో.

ఒప్పందంలో రెండో సగం ఆగలేదు. జూన్‌లో అక్కడినుంచి హెల్మి అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళది. పుత్తూరు షెడ్డులో ఎర్రటి తలుపు చూసి, ఆ రంగు తనకు నేర్పమంది. గ్రేసీ ఆమె ఇంగ్లీషును నాయనకు తెలుగులో చెప్పింది. ఎల్లప్ప పొంగిపోయాడు.

"గుండ్రంగా రుద్దాల. అట్ల కాదు, సూడు. చెక్క తాగేదాకా ఆగాల."

గ్రేసీ కావి డబ్బా పట్టుకుని నిలబడింది. హెల్మి మోచేతులదాకా ఎర్రబడింది, నవ్వింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుకుతూ అలమరలో పెట్టె చూసింది. ఒక పక్క తెలుపు, మిగతా అంతా ఎరుపు. మూత ఎత్తి వదిలింది. మూత మెల్లగా దిగబోయింది, కానీ తెగిన మూలలోంచి గాలి ఒక్కసారిగా పోయింది. దబ్బున పడింది.

ఎవరు చేశారని అడిగింది.

"సెప్పు పాపా, నువ్వేనని," అన్నాడు ఎల్లప్ప.

గ్రేసీ చెప్పింది. హెల్మి మిగిలిన పళ్ళ మీద బొటనవేలితో తడిమింది. ఇట్లా చేయగలిగిన మనిషి తమ బడికి ఎందుకు రాలేదని అడిగింది. గ్రేసీ పెట్టెలోంచి మడిచిన పరీక్ష కాగితం తీసి ఇచ్చింది. హెల్మి ఆ తెలుగు అక్షరాలను అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఏముందంది.

గ్రేసీ డబ్బా కింద పెట్టింది. ఎల్లప్ప వైపు చూస్తూ, తెలుగులోనే అంది.

"మామిడి అని రాసినారు."