రాట వెయ్యకముందే

వేసవి సెలవులొస్తే నన్నేం చేయాలో మా ఇంట్లో ఎవరికీ పాలుపోయేది కాదు. నాకు పుట్టుకతోనే కుదురు లేదు. కూర్చోమంటే నిలబడతాను, నిలబడమంటే పరిగెడతాను. అరవైల చివర్లో, నాకు పదకొండేళ్ళున్నప్పుడు, చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. వరి, వేరుశనగ, గోగు పండించే ఇల్లు మాది. బడి మూసేసిన మర్నాటికే మా నాయనమ్మ నన్ను చూసి, "ఈ గుంటని ఎక్కడికైనా తోలెయ్యండర్రా, నా పేణం తీస్తన్నాది" అని మొదలుపెట్టేది.

తోలెయ్యడానికి చోట్లు లేకపోలేదు. పక్క ఊళ్ళో ఒక మాస్టారు అరుగు మీద హిందీ చెప్పేవారు. మిట్టమధ్యాహ్నం పూట పిల్లలు వల్లెవేస్తుంటే ఆయన కునికేవారు, ఆయన కునికితే పిల్లలూ కునికేవారు. కలిగినవాళ్ళు తమ పిల్లల్ని విజయనగరంలో చుట్టాలింట్లో దించి పాటకో వయొలిన్‌కో పంపేవారు. నా గొంతు విన్నవాళ్ళెవరూ మా నాన్నకు ఆ సలహా ఇవ్వలేదు. గరివిడిలో ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒకావిడ ఊలు అల్లిక నేర్పేది. మా ఎండలకు ఊలు! అక్కడ మా మేనమామ ఉన్నాడు కదా అని ముందటి ఏడాది నన్ను దానికి పంపారు. అల్లిక సూదులు కర్రకు కట్టి చింతకాయలు రాలగొట్టానని ఆవిడ నన్ను వారం తిరక్కుండానే వెనక్కి పంపేసింది. ఇవేవీ కాకపోతే ఇంట్లోనే ఉండి వేరుశనగ కాయలు వలవాలి. గోళ్ళు నొప్పెట్టేవి, ఒళ్ళంతా దుమ్ము, ఎంత వలిచినా రాశి తరిగేది కాదు.

ఆ ఏడు మా డ్రిల్లు టీచరమ్మ ఒక కబురు చెప్పింది. ఆడపిల్లలకు భీమిలిలో క్యాంపు పెడుతున్నారట. సరుగుడు తోటలో డేరాలు వేస్తారట. తాళ్ళతో ముళ్ళు వేయడం, రాళ్ళ పొయ్యి మీద వంట చేసుకోవడం నేర్పిస్తారట, పొద్దున్నే సముద్రంలో దిగనిస్తారట. నేను సముద్రం చూడలేదు. మా ఊరివాళ్ళలో చూసిన ఆడవాళ్ళు చాలా తక్కువ. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. నులకతాడు ముక్క ఒకటి సంపాదించి గుంజకీ, గేదె కొమ్ముకీ, చెల్లెలి జడకీ ముళ్ళు వేస్తూ తిరిగాను.

మా నాన్నను అడిగితే, "సూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామంటే ఇక చూడడని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా రోజూ అడిగాను. పొలం వెళ్ళేటప్పుడు అడిగాను, వచ్చేటప్పుడు అడిగాను, ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని అడిగాను. మా అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. ఒకసారి పిండి విసురుతూ, "ఆ డేరాలు నీళ్ళకెంత దూరంలో ఏస్తారే?" అంది. నేను మునిగిపోతానని భయపడుతోందనుకుని, చాలా దూరమని అబద్ధం చెప్పాను. ఆమె మొహం ఎందుకో చిన్నబోయింది.

చివరికి మా నాన్న విసిగి, "సరే, ఎల్లు" అన్నాడు. ఆ మాట అన్న రెండు రోజులకే ఊరిపెద్దలు అమ్మవారి పండగకు ముహూర్తం పెట్టారు.

మా ఊళ్ళో ఆ పండగ ఏటేటా రాదు. వచ్చినప్పుడు మాత్రం ముందుగా గుడి ముందు రాట వేస్తారు. పచ్చి కర్రకు పసుపు రాసి, వేపమండలు కట్టి, డప్పులతో తెచ్చి పాతుతారు. రాట పడ్డాక పండగ ముగిసేదాకా ఊరివాళ్ళెవరూ రాత్రి పొలిమేర అవతల నిద్ర చేయకూడదు, దాన్నే కట్టు అంటారు. పగలు ఎక్కడికెళ్ళినా దీపాలవేళకు ఇల్లు చేరాల్సిందే. మంగళవారం తెల్లవారకముందే రాట అన్నారు. మా క్యాంపు కూడా సరిగ్గా ఆ మంగళవారమే మొదలు. పండగేమో తరవాతి వారం.

"మరెక్కడి కేంపు? అమ్మోరు ఊరుకుంటాదేటి?" అంది నాయనమ్మ, ఎంతో తృప్తిగా.

నేను నేల మీద పడి దొర్లాను. అమ్మోరిని కూడా తిట్టాను. మా చెల్లెలు చెంపలు వేసుకుంది. అప్పుడు మా అమ్మ పెరట్లోంచి వచ్చి, తడిచేతులు తుడుచుకుంటూ అత్తగారితో నెమ్మదిగా, "రాట పడే యేలకి ఊళ్ళో నేనోళ్ళకి కట్టు నేదు కదత్తా. సోమవారమే దీన్ని మా తమ్ముడింటికి పంపేస్తే?" అంది.

ఆ మాట నిజమే. రాట పడేసరికి బయట ఉన్నవాళ్ళను ఏ కట్టూ పట్టదు. కాకపోతే తరవాత ఊళ్ళోకి వచ్చి ఒక్క రాత్రి పడుకున్నారంటే వాళ్ళకూ అందరితో సమానంగా కట్టు పడుతుంది. ఇన్నేళ్ళుగా ఆ ఆచారాన్ని అందరికీ చెప్పిన మనిషి కాబట్టి మా నాయనమ్మ కాదనలేకపోయింది.

సోమవారం మా మేనమామ వచ్చి నన్ను తీసుకెళ్ళాలి. ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు మారి రాలేకపోయాడు. మా నాన్న రాట కర్ర పనిలో ఉన్నాడు. దాంతో మా అమ్మే నన్ను దించడానికి బయల్దేరింది. "సాయంత్రం బస్సుకి బేగొచ్చెయ్. కోడలు నేకుండా రాట పడితే నలుగురూ ఏటనుకుంటారు?" అని నాయనమ్మ వీధి చివరిదాకా చెబుతూనే వచ్చింది.

సాయంత్రం ఆ బస్సు రాలేదు. మేమిద్దరం గరివిడి రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాం. నేను కంగారుగా అటూ ఇటూ తిరుగుతుంటే మా అమ్మ ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూస్తూ కూర్చుంది. చీకటి పడ్డాక ఇద్దరం మా మావ ఇంటికే వెళ్ళిపోయాం. ఆ రాత్రి ఆమె నా పక్కన అటూ ఇటూ దొర్లడం నాకు తెలుస్తూనే ఉంది. అత్తగారు తిడుతుందని భయపడుతోందనుకున్నాను.

పొద్దున్నే, అమ్మా మావా వెనక వస్తుంటే, స్టేషను దగ్గరికి పరిగెత్తాను. క్యాంపు పిల్లలందరం అక్కడే కలవాలి. టీచరమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో సంచీ కూడా లేదు. "క్యాంపు లేదమ్మా. ఏజెన్సీ వైపు గొడవలు జరుగుతున్నాయి కదా, ఆడపిల్లల్ని డేరాల్లో ఉంచడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. నిన్న రాత్రే తెలిసింది" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గుడ్డల సంచీ రోడ్డు మీద విసిరికొట్టాను. నా లోటా దొర్లుకుంటూ వెళ్ళి ఒక జట్కా చక్రం కింద పడి నలిగిపోయింది. ఆవిడ పాపం ఏం చేస్తుంది, ఇంకా చాలామంది పిల్లలకు అదే మాట చెప్పాలి.

మా అమ్మ వంగి సంచీ తీసింది, దుమ్ము దులిపింది. తరవాత టీచరమ్మను, "భీమిలి బస్సు ఎక్కడెక్కాలమ్మా?" అని అడిగింది.

"విజయనగరంలో. ఎందుకమ్మా?"

అమ్మ మా మావ వైపు తిరిగి, "రాట పడిపోయుంటాదిరా. నాను బయటే ఉండిపోనాను. నాకూ కట్టు నేదు" అంది. మా మావ అక్కను వారిస్తూ, "అప్పా, బావేటంటాడే?" అంటూనే ఉన్నాడు. అప్పటికే ఆమె సంచీ చంకన పెట్టుకుని నడుస్తోంది. నేను పరిగెత్తితే గానీ అందలేదు.

సముద్రం గురించి నేను పెద్దగా చెప్పలేను. ఎన్నాళ్ళుగానో ఊహించుకున్నది కదా, చూడగానే ఇంతేనా అనిపించింది, మరుక్షణం భయమేసింది. మా అమ్మకు భయం వేయలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని తిన్నగా నీళ్ళలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్ళ మీద కొడితే పెద్దగా నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం. తెల్లారగానే మళ్ళీ వెళ్ళాం. వలలు లాగేవాళ్ళ దగ్గర నిలబడి ఆమె ఏ చేప ఏమిటో అడిగింది. చెప్పుల్లేని కాళ్ళతో ఇసకలో చాలా దూరం నడిచింది. కుదురు లేనిది నాకొక్కదానికే అనుకున్న నేను ఆమె వెనక నడవలేక అలిసిపోయాను.

మధ్యాహ్నానికి నాకు ఇల్లు గుర్తుకొచ్చింది. ఊళ్ళో డప్పులు మోగుతుంటాయి. అత్తలూ వాళ్ళ పిల్లలూ దిగి ఉంటారు. చెల్లెలు నా వాటా కూడా తినేస్తూ ఉంటుంది. ఊళ్ళో ఉంటే సముద్రం కావాలి, సముద్రం దగ్గరుంటే ఊరు కావాలి, నా బతుకంతా అదే గోల. "అమ్మా, ఎల్లిపోదామే" అన్నాను.

"ఎల్దాం" అంది, అలల మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఎల్తే రేత్రికక్కడే తొంగోవాలి. తొంగుంటే మరి పండగయ్యేదాకా కదల్లేం." మళ్ళీ తనే, "పండగైపోనాక మాత్రం నాను ఎక్కడికి కదుల్తాను గాని" అంది.

కాలి వేలితో ఇసకలో గీతలు గీసింది. అప్పుడు నా వైపు తిరిగింది. చెంబు పట్టుకుని నేను మా నాన్న మొహంలోకి ఎలా చూసేదాన్నో సరిగ్గా అలాగే చూస్తూ, నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ, ఇంకొక్క రేత్రి ఉండిపోదామేటే?" అని అడిగింది.

నాకు ఇంటికి వెళ్ళిపోవాలని చాలా ఉంది.

"ఉందామమ్మా" అన్నాను. ఆమె వెంటనే లేచి, కుచ్చెళ్ళు దోపుకుని, మళ్ళీ నీళ్ళ వైపు నడిచింది.