మేకులతో తూచిన గిటారు నాదం

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, ఫోనులో ఏదో వెతకబోయి ఇంకేదో చూస్తుంటే, ఎవరో ఒకాయన ఒకే గిటారుకు రెండు రకాల ‘రైలు పికప్‌’లనే సామాను మార్చి బిగించి, ఒకే వరుస వాయించి, ఏది బాగుందో మీరే చెప్పండంటున్న వీడియో ఎదురైంది. ఇక కన్ను మూతపడితే ఒట్టు. లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను, మళ్ళీ విన్నాను, మళ్ళీ తిరిగాను. మా ఆవిడ అజీర్తి అనుకుని వాము నీళ్ళు తెచ్చిచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఇదే గొడవ నన్ను పట్టుకుని ఊపేసిందని ఆమెకేం తెలుసు!

మాది కర్నూలులో ఇనుప సామాను అంగడి. వస్తువు కనబడితే చాలు, నా చెయ్యి దానంతటదే బరువు చూసేది, నోరు దానంతటదే ధర తగ్గించేది. గుడి ముందర కొబ్బరికాయకు కూడా బేరమాడి అమ్మ చేత తిట్లు తిన్న ఘనుణ్ణి. అలాంటి ఇంట పుట్టి, మా అక్క మొగుడు నడిపే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. బావ కీబోర్డు ముందు కూర్చుని అందరినీ నడిపేవాడు, ఆయన పక్క కుర్చీ నాది. గల్లాపెట్టె ముందు కూర్చుంటే కునుకు తీసే నాకు ఆ కుర్చీలో కూర్చుంటే ఒళ్ళంతా చెవులే.

చిక్కల్లా నా గిటారు రొదతోనే. తీగల కింద ఉండి, వాటి కదలికను పట్టి స్పీకరుకు పంపే అయస్కాంతపు ముక్కనే పికప్ అంటారు. నా గిటారుకున్న పాతకాలపు పికప్ తీగల మాటతో పాటు కళ్యాణ మండపంలోని సీరియల్ సెట్ల మాట కూడా వినేది. లైట్లు వెలిగాయంటే తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమనేది. ఒకసారి పురోహితుడు మంత్రం ఆపి మరీ నా వంక చూశాడు. బావ ముఖం మాడిపోయింది.

"ఏమప్పా, గిటారు వాయిస్తాండావా, జనరేటరు తోలుతాండావా? మైదుకూరు పెళ్ళి లోపల ఆ రొద ఆగల్ల. లేకుంటే నీ వరుసలు గూడా నేనే కీబోర్డులో వాయించుకుంటా."

అంటే నా కుర్చీ ఎత్తేస్తానని. ఆ రోజు నుంచి కుదురుగా కూర్చున్నది లేదు, తిన్నది లేదు.

దానికి మందు రైలు పికప్ అన్నారు. అందులో మామూలు పికప్‌లోలా తీగకొక ఇనుప బొడిపె ఉండదు. రెండు సన్నని ఇనుప పట్టీలు రైలు పట్టాల్లా పక్కపక్కన ఉంటాయి. ఒక దాని రొదను ఇంకోటి మింగేస్తుంది, తీగను ఎంత పక్కకు లాగి గమకం పలికించినా నాదం జారిపోదు. ఊళ్ళో వాయిద్యాలమ్మే అంగడిలో రెండు రకాలు దొరికాయి. నా పద్ధతి ప్రకారం ముందు సరుకు బాగాలేదని తీసిపారేసినట్టు మాట్లాడి, లేచి గడప దాకా పోయి చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాను. ఆ అంగడి ఆసామి టీ తాగుతూ నవ్వాడు.

"రా సామీ, కూకో. ఈ ఆట మీ నాయన దగ్గర నేనూ ఆడినోణ్ణే. రెండూ ఎత్తుకపో, ఒకటి వాపసు తే."

ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటీ గిటారుకు అతికించి, వాయించి చూడాల్సిందే కదా. అంతవరకు ఆగే ఓపిక నాకెక్కడిది? నాయన చేతిలో పెట్టాను. ఇత్తడి అసలుదో కల్తీదో అయస్కాంతం పెట్టి తేల్చే మనిషి ఆయన. రెండు పికప్‌లనూ మేకుల తట్టలో ముంచి తీశాడు. ఒకటి ద్రాక్ష గుత్తిలా మేకులు పట్టుకుని లేచింది, రెండోది నాలుగైదు పట్టుకుని ఊరుకుంది.

"సత్తువ దేంట్లో ఉండాదో కంటికే కనపడతాంది గదప్పా, మళ్ళ చెవులెందుకు?"

ఆ తర్కానికి నేనూ తలూపాను. బలమైనది ఉంచుకుని రెండోది వాపసిచ్చాను.

మైదుకూరులో రొద మాయం. నేను ఆనందంతో తీగ మీటితే పాడే అమ్మాయి గొంతు వినబడలేదు! అంత బలమైన అయస్కాంతం తీగలనే పట్టి లాగి, లావు తీగల శ్రుతిని తడబడేట్టు చేసింది. పాట మధ్యలో బావ నా వైరు పీకేశాడు. జనంలో ఒక్కరూ తల తిప్పలేదు. అదే నాకు ఎక్కువ కాలింది.

మర్నాడే పోయి ఆ ఆసామిని బతిమాలి రెండోదాన్ని తెచ్చి, బావ ఇంట్లో కూర్చుని, ఈసారి బుద్ధిగా ఒకటి తీసి ఒకటి పెట్టి ఒకే వరుస వాయించాను. బలమైనది మీటగానే ముందుకు దూకేది కానీ, ఆరు తీగలూ కలిస్తే ముదురు పాకంలా ఒకే ముద్ద. బలం తక్కువది ఒక అడుగు వెనక నిలబడి మాట్లాడేది. అయినా ఆరు తీగలకూ ఆరు నోళ్ళు, ఏ మాటా ఇంకోదాన్ని తొక్కదు. బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

"అబ్బ! శానా నిమ్మళంగా ఉండాదప్పా. ఒక్కో స్వరం విడిగా కొట్టు. ఆరిపోయేదాకా ఆగి ఇంకోటి కొట్టు."

మురిసిపోయి, వేళ్ళు మండేదాకా కొట్టాను. ఆయన ఒక్కొక్కటే రికార్డు చేసి కీబోర్డులోకి ఎక్కించుకున్నాడు. అక్క పెట్టిన ఉగ్గాని రెండు మార్లు వడ్డించుకుని, కుర్చీ నిలిచిందనుకుంటూ ఇల్లు చేరాను.

రాయచోటి పెళ్ళికి వ్యాను మా అంగడి ముందు ఆగలేదు. ఫోను చేస్తే బావ ఎంతో ప్రేమగా, నా శ్రమ తగ్గించినవాడిలా చెప్పాడు.

"నువ్వేం రావద్దులేప్పా, అంగడి చూసుకో. నీ గిటారు నా కీబోర్డులోనే ఉండాది గదా!"

రొదతో ఉన్నన్నాళ్ళు నా నాదం నకలు తీసుకోవడానికి ఎవరికీ పనికిరాలేదు, అందుకే నన్ను భరించక తప్పలేదు. దాన్ని నేనే శుభ్రంగా కడిగి చేతికిచ్చాను. కొబ్బరికాయకు బేరమాడిన నోరు దాని ధర ఒక్క మాటైనా అడగలేదు.

ఆర్కెస్ట్రా ఎప్పుడో మూతపడింది. బావ కీబోర్డు చేతులు మారింది, అందులోని స్వరాలు ఒకదాన్నుంచి ఒకదానికి నకలై ఎక్కడెక్కడికి పోయాయో. ఇప్పటికీ పెళ్ళి విందులో ఎక్కడైనా గిటారు వినిపిస్తే, నాకు విస్తట్లో చెయ్యి ఆగిపోతుంది. ఆ రోజుల్లో వరుస నచ్చితే జనం మెడలు సాచి వాయించేవాడి ముఖం వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు మెడ సాచినా రెండు నల్లటి స్పీకరు పెట్టెలు తప్ప ఏమీ కనబడవు. అందులో మోగుతున్నవి నా వేళ్ళేనా అని అడుగుదామన్నా, వాటి వెనక ఎవరూ ఉండరు.