ముందు వెళ్లినవాడి పేరు

మా ఎదురింటి కెప్టెన్ అంకుల్ పోయారు. ఇక్కడ అమెరికాలో, మా ట్రాయ్ ఊళ్లో, ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ కుప్పకూలారట. ఆంటీ ఫోన్ చేసేసరికి నేను ఎయిర్‌పోర్టులో యూనిఫాం వేసుకుని నా ఫ్లైట్ కోసం కూర్చుని ఉన్నాను. "అంకుల్ లేరమ్మా" అన్నారు. ఆ వెంటనే, "నీతో మాట్లాడాలని చాలాసార్లు అనుకున్నారు" అన్నారు. ఆ రెండో మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

నా పన్నెండో ఏట నాకు విమానాల పిచ్చి పట్టించింది ఆయనే. గుంటూరు మనిషి. ఎక్కడికి ఎగిరినా బ్యాగులో ఆవకాయ ఉండాల్సిందే. పైకి వెళ్తే గాలి ఒత్తిడి తగ్గుతుందని నాకు పాఠం చెప్పిన మనిషే ఒకసారి అది మరిచిపోయి, విమానంలో సీసా మూత తిప్పారు. తెల్ల చొక్కా నిండా నూనె. ఆ మరకా పోలేదు, ఆంటీ దెప్పడమూ మానలేదు.

మీలో పైలట్లు తక్కువ కాబట్టి చెప్తున్నాను, మాకు సీనియారిటీ లిస్టే జాతకం. ఏ విమానం నడపాలి, పండక్కి ఎవరు ఇంట్లో ఉండాలి, అన్నీ దాని ప్రకారమే. పైన ఒకరు రిటైరైనా, చనిపోయినా, కిందివాళ్లందరూ ఒక మెట్టు ఎక్కుతారు. కొత్త లిస్టు రాగానే అందరూ తమ నంబర్ వెతుక్కుంటారు. అంకుల్ మాత్రం పాతదీ కొత్తదీ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఎవరి పేరు లేదో చూసి, దాన్ని పైకి చదివేవారు.

"ముందు వెళ్లినవాడి పేరు చదవాలమ్మాయ్. మనం ఎక్కిన మెట్టు ఆయన వదిలిందే కదా."

2001 దాడుల తర్వాత ఆయన పనిచేసే పెద్ద ఎయిర్‌లైన్ కంపెనీ ఆయన్నే లేఆఫ్ చేసింది. ఆయన నడిపిన రూట్లు, దాని తరఫున కాంట్రాక్టుకి ఎగిరే చిన్న కంపెనీల చిన్న జెట్లకు వెళ్లిపోయాయి. మళ్లీ పిలిచేదాకా కొన్నేళ్లు ఫర్నిచర్ షాపులో పనిచేశారు. లిస్టు చదవడం మాత్రం మానలేదు.

తర్వాత అలాంటి చిన్న కంపెనీలోనే నేను కోపైలట్‌గా చేరాను. మాలాంటి కంపెనీలు ఎంత పెద్ద జెట్లు, ఎన్ని నడపవచ్చో పెద్ద కంపెనీ పైలట్ల కాంట్రాక్టులో పరిమితి ఉంటుంది. దాన్ని సడలించే కొత్త కాంట్రాక్టు వాళ్ల ముందు వోటుకి వచ్చింది. అది గెలిస్తే మాకు పెద్ద జెట్లు వస్తాయి, నేను కెప్టెన్ అవుతాను.

అంకుల్ మా గుమ్మంలోకి వచ్చి మరీ చెప్పారు. "నో అని వోట్ చేశానమ్మా. వేరేవాళ్లు చెప్తే బాధపడతావని నేనే వచ్చా."

"అది నా అప్‌గ్రేడ్ అంకుల్! మీకు తెలుసు కదా?"

"తెలుసు. కానీ అవి మా దగ్గరికి రావాల్సిన ఎయిర్‌ప్లేన్లు. అక్కడే కెప్టెన్ అయితే అక్కడే ఆగిపోతావ్. నువ్వు ఇటు రావాలి."

"మీ సీటు మీరు కాపాడుకున్నారు, అంతే" అని తలుపు వేసేశాను.

కాంట్రాక్టు ఓడిపోయింది. రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. చర్చిలో ఆయన కూర్చున్న వైపు చూడలేదు. ఈలోగా ఆ జెట్లు పెద్ద కంపెనీకే వచ్చాయి. నడపడానికి కొత్తవాళ్లు కావాల్సి వచ్చి, నన్నూ తీసుకున్నారు. ఆయన అన్నదే జరిగింది. నా నంబర్ ఎంతో అంకుల్ అడుగుతున్నారని ఆంటీ మెసేజ్ పెడితే, నంబర్ మాత్రం పంపాను. థాంక్స్ అని కూడా రాయలేదు. రోడ్డు దాటితే వాళ్ల ఇల్లు. దాటలేదు. పొగరు, దానికి వేరే పేరు లేదు.

సమాధి చేసి వచ్చాక, ఆయన బ్యాగులో ఉన్న లిస్టు ఆంటీ నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో నా పేరు కింద పెన్సిల్ గీత ఉంది. కాగితం అంచుకి ఆవకాయ నూనె అంటి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నిన్న కొత్త లిస్టు వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆయన నంబర్ దగ్గర ఇప్పుడు ఇంకెవరిదో పేరు. పాత లిస్టులో ఆయన పేరు మీద వేలు పెట్టాను. జీవితంలో మొదటిసారి అంకుల్ అని కలపకుండా, ఇంటిపేరుతో సహా పైకి చదివాను.

ఆ తర్వాతే నా నంబర్ చూసుకున్నాను. ఒక మెట్టు ఎక్కాను.